ఎందుకు కొట్టేశారో రాసివ్వండి

(టంగుటూరి ప్రకాశం పంతులు గారి స్మృతిలో, మార్కాపురంలో న్యాయవాదులు, న్యాయ విద్యార్థుల ఎదుట చేసిన ఉపన్యాసం పాఠం)



ప్రకాశం పంతులు గారంటే మనందరికీ ముందు గుర్తొచ్చేది 1928 ఫిబ్రవరిలో సైమన్ కమిషన్ వచ్చినప్పుడు మద్రాసులో పోలీసు తుపాకులకు రొమ్ము చూపి నిలబడ్డ మనిషి. ఈ సభకు రమ్మన్నప్పుడు నాకు మాత్రం అంతకు ముందరి ప్రకాశం గుర్తొచ్చారు. ఇంగ్లండు వెళ్లి బారిస్టరై వచ్చి మద్రాసు హైకోర్టులో ప్రాక్టీసు పెట్టిన ప్రకాశం. ఆ రోజుల్లో ఆయన 'లా టైమ్స్' అనే న్యాయపత్రికకు సంపాదకులుగా కూడా ఉన్నారు. న్యాయపత్రిక చేసే పని చెప్పుకోవడానికి చిన్నదే. కోర్టు ఏం తేల్చింది, ఎందుకు తేల్చింది అన్నది అచ్చు వేసి, ఆ కోర్టు గడప ఎన్నడూ తొక్కని వకీలు చేతికి అందించడం. అంతే. కాని ఆ 'ఎందుకు' అన్న ముక్క లేకపోతే పత్రికలో అచ్చు వేయడానికి ఏమీ మిగలదు.

1911 జూన్ 17న తిరునల్వేలి కలెక్టరు ఆష్‌ను మణియాచ్చి రైల్వే జంక్షనులో కాల్చి చంపారు. 14 మంది మీద కేసు నడిచింది. నిందితుల పక్షాన నిలిచిన న్యాయవాదుల్లో ప్రకాశం ఒకరు. మద్రాసు హైకోర్టులో ముగ్గురు జడ్జీల బెంచి విచారించింది. అందులో జస్టిస్ శంకరన్ నాయర్ మిగతా ఇద్దరితో ఏకీభవించలేదు, తన తీర్పు తాను రాశారు. చనిపోయింది తెల్ల కలెక్టరు, రాజ్యం తెల్లవాళ్లది. అంత ఒత్తిడిలోనూ ఎవరు ఎందుకు శిక్షించమన్నారో, ఎవరు ఎందుకు ఒప్పుకోలేదో కాగితం మీద ఉంది. నూరేళ్లు దాటాక ఇవాళ కూడా చదివి ఎవరిది సబబో మనం తేల్చుకోవచ్చు.

పరాయి ప్రభుత్వంలోనే అంతమాత్రం దొరికినప్పుడు, మన రాజ్యాంగం కింద శిక్ష పడ్డ మనిషికి తన అప్పీలు ఎందుకు పోయిందో తెలియకపోవడం ఎట్లా సహిద్దాం? ఈ రోజు నేను మాట్లాడదలచుకున్నది ఇదొక్కటే.

మన ప్రాంతం సంగతి కొంచెం చెప్పుకోవాలి. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలో ఉండేవి. 1972లో కొత్త జిల్లాకు పంతులు గారి పేరు పెట్టారు. మన తాతల కాలంలో ఇక్కడి ఖూనీ కేసు అప్పీలు మద్రాసు వెళ్లేది. 1954లో గుంటూరు, 1956లో హైదరాబాదు, 2019 నుంచి అమరావతిలో నేలపాడు. హైకోర్టు నాలుగు ఊళ్లు మారింది. ఇక్కడి పల్లెకు తిరిగొచ్చే కబురు మాత్రం ఆనాటి నుంచీ ఒకటే మాటలో వస్తోంది: "కొట్టేశారు." ఎర్రచందనం కేసులో పట్టుబడ్డ అడవి పక్క పల్లె కుర్రాడి తండ్రికీ, చేను గట్టు తగాదాలో తల పగలగొట్టిన కేసులో శిక్ష పడ్డవాడి భార్యకూ, పలకల ఫ్యాక్టరీలో పని మానుకుని కోర్టు చుట్టూ తిరిగిన తమ్ముడికీ ఆ మాటే. "ఎందుకు కొట్టేశారు సార్?" అని వాళ్లు అడుగుతారు. చాలాసార్లు మన దగ్గర జవాబు ఉండదు, ఎందుకంటే మన చేతిలో ఉన్న కాగితం మీద కూడా ఉండదు.

ఇది ఎట్లా జరుగుతుందో చట్టంలోంచే చూపిస్తాను. విద్యార్థులు కొంచెం శ్రద్ధగా వినండి, ఎందుకంటే ఇది పుస్తకంలో ఒక చోట లేదు, మూడు నాలుగు సెక్షన్లు కలిపి చదివితే తప్ప కనిపించదు.

గిద్దలూరులో మేజిస్ట్రేటు ఒక మనిషికి శిక్ష వేశాడనుకుందాం. ఆ తీర్పులో ఏమేం ఉండాలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 393వ సెక్షన్ చెబుతుంది. 2024 జూలై 1కి ముందు అమల్లో ఉన్న క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఇదే 354. తేల్చవలసిన అంశాలేమిటి, ఒక్కొక్కదాని మీద నిర్ణయమేమిటి, ఆ నిర్ణయానికి కారణాలేమిటి, ఇవన్నీ రాయాలి. ఆ మనిషి 30 రోజుల్లో సెషన్స్ కోర్టుకు అప్పీలు వేస్తాడు. అప్పీల్లో పస లేదనిపిస్తే అవతలి పక్షానికి నోటీసు కూడా పంపకుండా మొదట్లోనే కొట్టేసే అధికారం 425వ సెక్షన్ ఇస్తుంది, పాత కోడ్‌లో 384. అయితే అదే సెక్షన్ మూడో ఉపసెక్షన్లో ఒక షరతు ఉంది. అట్లా కొట్టేసేది సెషన్స్ కోర్టో, చీఫ్ జుడీషియల్ మేజిస్ట్రేటో అయితే కారణాలు రాసి తీరాలి. హైకోర్టు పేరు ఆ షరతులో లేదు. ఇక 428వ సెక్షన్, పాత 387, ట్రయల్ కోర్టు తీర్పుకున్న నియమాలే అప్పీలు తీర్పుకూ వర్తిస్తాయంటుంది. అదీ సెషన్స్ కోర్టుకూ, చీఫ్ జుడీషియల్ మేజిస్ట్రేటుకే. అక్కడా హైకోర్టు లేదు. ఆ పైన సుప్రీంకోర్టు 136వ అధికరణ కింద స్పెషల్ లీవ్ పిటిషన్ను ఒక్క వాక్యంతో తిరస్కరిస్తే తప్పుపట్టే చట్టమే లేదు.

అంటే మెట్టు ఎక్కేకొద్దీ కారణం చెప్పాల్సిన బాధ్యత పలచబడుతూ పోతుంది. అన్నిటికంటే ఎక్కువ కేసులు, తక్కువ సిబ్బంది, చాలీచాలని గదులు ఉన్న మేజిస్ట్రేటు మీద బరువంతా పెట్టాం. బతుకు మీద చివరి మాట చెప్పే కోర్టులకు మాత్రం మినహాయింపు ఇచ్చాం. బడిలో లెక్క చేసిన పిల్లవాడు జవాబొక్కటే రాసి చూపిస్తే మాస్టారు ఒప్పుకోడు, చేసిన దారి చూపమంటాడు. ఆ పిల్లవాడిని అడిగినపాటి కూడా పై కోర్టును చట్టం అడగలేదు.

నిజం చెప్పాలంటే, జీవితఖైదు అప్పీళ్లను మన హైకోర్టు సాక్ష్యాలన్నీ తిరగేసి సవివరంగా రాసే తేలుస్తుంది. ఆ తీర్పులు చదివే మేమంతా ఈ పని నేర్చుకున్నాం. నా ఫిర్యాదు వాటి మీద కాదు. సెషన్స్ కోర్టు శిక్ష ఖాయం చేశాక వేసిన రివిజన్ అడ్మిషన్ దశలోనే పోయినప్పుడు, నిర్దోషిగా వదిలేయడం మీద అప్పీలుకు అనుమతి అడిగితే రెండు ముక్కల్లో కాదన్నప్పుడు, ఢిల్లీలో స్పెషల్ లీవ్ పిటిషన్ నిమిషంలో ముగిసినప్పుడు మనిషి చేతికి ఏం వస్తుందన్నదే నా ప్రశ్న.

సుప్రీంకోర్టు ఈ ప్రశ్నను కొత్తలోనే ఎదుర్కొంది. 1898 నాటి పాత కోడ్ 421వ సెక్షన్ కింద బొంబాయి హైకోర్టు ఒక అప్పీలును మొదట్లోనే కొట్టేస్తే, 1953లో ముస్తాక్ హుస్సేన్ కేసులో సుప్రీంకోర్టు తప్పుపట్టింది. వాదించదగిన అంశం ఉన్నప్పుడు అట్లా చేయకూడదంది. 1970లో గోవిందా కదం కేసు, ఆ తర్వాత కె.కె. జైన్ కేసు, రెండూ మళ్లీ మహారాష్ట్రవే, మళ్లీ అదే మాట. 1979లో సీతారాం కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ తన సొంత కోర్టు నియమాన్నే తరచి చూశారు. హైకోర్టు విడుదలను తిరగరాసి శిక్ష వేసినప్పుడు సుప్రీంకోర్టుకు వచ్చే అప్పీలు హక్కుగా వచ్చేది, దాన్ని పూర్తిగా వినకుండా తోసేయడం మామూలు పద్ధతి కాకూడదన్నారు. 2003లో రాజ్ కిశోర్ ఝా కేసు, 2004లో ధనీరాం లుహార్ కేసు, 2010లో క్రాంతి అసోసియేట్స్ కేసు. ప్రతి తరం జడ్జీలూ ఈ మాట చెప్పవలసి వచ్చింది. డెబ్బై ఏళ్లుగా ఒకే ఉపదేశాన్ని మళ్లీ మళ్లీ చెప్పవలసి వస్తోందంటే అలవాటు ఎంత లోతుగా దిగిందో ఆలోచించండి.

వీటన్నిటిలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది 2018 నవంబరు 1 నాటి తీర్పు. బాబాసాహెబ్ మారుతి కాంబ్లే కేసు. ఉరిశిక్ష పడ్డ మనిషి వేసిన స్పెషల్ లీవ్ పిటిషన్ను 2015 జనవరిలో సుప్రీంకోర్టు కారణాలు రాయకుండా మొదట్లోనే తోసిపుచ్చింది. మూడేళ్ల పైన గడిచాక అదే కోర్టులో ముగ్గురు జడ్జీల బెంచి, ఉరిశిక్ష ఉన్న కేసుల్లో కనీసం ఆ శిక్ష మటుకైనా కారణాలు చెప్పకుండా పిటిషన్ తోసేయకూడదని తేల్చింది. 1950లో పుట్టిన కోర్టు ఈ మాట స్పష్టంగా చెప్పింది 2018లో. ప్రాణం తీసే ఉత్తర్వుకు కారణం చెప్పాలన్నది అంత ఆలస్యంగా దొరికిన సత్యమా? మరి ప్రాణం తీయని శిక్షల సంగతో? పదేళ్లు, ఏడేళ్లు, మూడేళ్లు జైల్లో పెట్టే ఉత్తర్వుల మాటేమిటి? ఆ తీర్పు అక్కడిదాకా రాలేదు.

2000లో కున్హాయమ్మద్ కేసులో సుప్రీంకోర్టు ఇంకొక మాట చెప్పింది. అది సివిల్ తగాదా అయినా మనకు చాలా ముఖ్యం. కారణాలు లేకుండా స్పెషల్ లీవ్ పిటిషన్ తోసేస్తే, హైకోర్టు చెప్పిన కారణాలను సుప్రీంకోర్టు ఆమోదించినట్టు కాదు, అప్పీలు వినడానికి ఇష్టపడలేదని మాత్రమే అర్థం. న్యాయసూత్రంగా ఇది సబబే. దీన్ని నెల్లూరు సెంట్రల్ జైల్లోనో కడప సెంట్రల్ జైల్లోనో ఉన్న మన ప్రాంతపు ఖైదీ వైపు నుంచి చూడండి. అతని జీవితంలో కారణాలున్న చివరి కాగితం హైకోర్టుదే అవుతుంది. ఆ కాగితంలోనూ కారణం లేకపోతే అతనికి ఇక ఎక్కడా దొరకదు. హైకోర్టుకు చట్టంలో దొరికిన మినహాయింపు అందుకే ప్రమాదకరం.

కారణం రాయడం శిక్ష పడ్డవాడి ఊరట కోసమే అనుకునేవాళ్లున్నారు. అది మొత్తం న్యాయానికే పనికొస్తుందని చెప్పడానికి అప్పటి మన పక్క జిల్లా కేసే చాలు. గుంటూరు సెషన్స్ కోర్టులో శిక్ష పడి మద్రాసు హైకోర్టు ఖాయం చేసిన పులుకూరి కోటయ్య కేసు లండన్‌లో ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్లింది. 1946 డిసెంబరులో తీర్పు వచ్చింది. పోలీసు కస్టడీలో ముద్దాయి చెప్పిన మాటలో ఎంత ముక్క సాక్ష్యంగా పనికొస్తుందన్నది ప్రశ్న. కత్తి ఫలానా చోట దాచానన్న ముక్క చెల్లుతుంది, దానితో ఫలానా మనిషిని పొడిచానన్న ముక్క చెల్లదు. అంతకు ముందు 1937లో మద్రాసు హైకోర్టు ఫుల్ బెంచి అత్తప్ప గౌండన్ కేసులో దీనికి విరుద్ధంగా తేల్చి ఉంది. ఆ బెంచి తన కారణాలన్నీ విప్పి రాసింది కాబట్టే, ఎక్కడ దారి తప్పిందో ప్రీవీ కౌన్సిల్ వేలు పెట్టి చూపగలిగింది. 'డిస్మిస్డ్' అని ఒక్క మాట రాసి ఊరుకుని ఉంటే ఆ తప్పు ఎవరికీ కనిపించేది కాదు, ఎన్నో ప్రాణాల మీద అట్లాగే కూర్చుని ఉండేది. ఇవాళ మార్కాపురం అదనపు సెషన్స్ కోర్టులో పంచనామా సాక్షిని క్రాస్ చేస్తూ మనం రోజూ వాడేది ఆ కోటయ్య తీర్పునే. కొత్త సాక్ష్య చట్టంలో సెక్షన్ నెంబరు మారినా ఆ తీర్పు మారలేదు.

బాధితుల వైపు కూడా చూద్దాం. క్రిమినల్ లాయర్లం ముద్దాయి గురించే మాట్లాడతామన్న నింద మన మీద ఉంది. చుండూరులో 1991 ఆగస్టు 6న 8 మంది దళితుల్ని చంపారు. ఆ ఊళ్లోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ వదిలేసింది. బాధిత కుటుంబాలకు, దళిత సంఘాలకు ఆ తీర్పు గుండెకోత. అయినా అది రాసిన తీర్పు. సాక్షుల మాటల్ని హైకోర్టు ఏ కారణంతో నమ్మలేదో అందులో ఉంది. ఆ కారణాలను పట్టుకునే పౌరహక్కుల వాళ్లు, న్యాయవాదులు వాటిని ఎండగట్టారు, సుప్రీంకోర్టు గడప ఎక్కారు. తనను ఓడించిన తీర్పుతో కొట్లాడాలన్నా ఆ తీర్పులో ఏదో ఒకటి రాసి ఉండాలి. ఒరిస్సాలో ధనీరాం లుహార్ కేసులో జరిగింది దీనికి సరిగ్గా వ్యతిరేకం. ముద్దాయిని విడిచిపెట్టడం మీద ప్రభుత్వం అప్పీలుకు అనుమతి అడిగితే హైకోర్టు కారణమేమీ చెప్పకుండా కాదంది. సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును రద్దు చేసి మళ్లీ వినమని వెనక్కి పంపింది. 2009 నుంచి బాధితులకే సొంతంగా అప్పీలు హక్కు వచ్చింది. ఆ హక్కు నిలబడాలన్నా కారణాలు రాసిన తీర్పు కావాలి.

కాగితం మీద రాసినదంతా కారణం కాదని కూడా చెప్పుకోవాలి. నేను చూసిన కొన్ని అప్పీలు తీర్పుల్లో పదిహేను పుటలు కింది కోర్టు తీర్పే మళ్లీ టైపు చేసి ఉంటుంది. సాక్షులు ఏం చెప్పారు, వకీళ్లు ఏం వాదించారు, అన్నీ ఉంటాయి. ఆఖర్న ఒక్క వాక్యం: కింది కోర్టు తీర్పులో జోక్యం చేసుకోవడానికి కారణం కనబడలేదు. చూడటానికి పెద్ద తీర్పు, లోపల ఏమీ లేదు. మొదటి అప్పీలు కోర్టు సాక్ష్యాన్ని తానుగా తూచి, తన నిర్ణయానికి తాను రావాలని పదంసింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంతకు ముందు 1996లో బానీసింగ్ కేసులో ఇంకా గట్టిగా చెప్పింది: లాయరు రాలేదని క్రిమినల్ అప్పీలు కొట్టేయడానికి వీల్లేదు, రికార్డు చదివి గుణదోషాల మీదే తేల్చాలి. ఈ రెండు తీర్పులు మన యువ న్యాయవాదుల బల్ల మీద ఎప్పుడూ ఉండాలి. లాయరు ఊరికి పోయిన రోజున, బస్సు దొరకని రోజున, మన తప్పుకు క్లయింటు జైల్లో పడకుండా కాపాడేది బానీసింగే.

తీర్పు ముందు చెప్పి కారణాలు తర్వాత ఇస్తామనడం ఇంకో పద్ధతి. పైకి మంచిదే, విడుదల కావలసినవాడు ఆ రోజే బయటికొస్తాడు. ఓడినవాడికి మాత్రం కాలం పరుగెడుతూ ఉంటుంది. సుప్రీంకోర్టుకు 90 రోజులు గడువు. చేతిలో కారణాలు లేకుండా దేనిమీద అప్పీలు రాయాలి? 1983లోనే తల్వండి కేసులో రాజ్యాంగ ధర్మాసనం ఈ అలవాటును మందలించింది. గుజరాత్ హైకోర్టు ఒక పిటిషన్ను కోర్టులో కొట్టేసినట్టు చెప్పి, కారణాలున్న ఉత్తర్వు ఏడాది దాటాక బయటపెట్టింది. ఆ సందర్భంలో 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు, కారణాలు కొద్ది రోజుల్లోపే ఇవ్వాలని మార్గదర్శకాలు పెట్టింది. ఐరోపాలోనూ ఇదే పేచీ వచ్చింది. గ్రీసు వైమానిక దళ అధికారి ఒకరికి సైనిక అప్పీలు కోర్టు తీర్పు సారాంశం మాత్రమే చదివి వినిపించింది. పై అప్పీలుకు గడువు 5 రోజులు, పూర్తి తీర్పు చేతికందేసరికి అది దాటిపోయింది. ఏ కారణంతో శిక్ష వేశారో తెలియకుండా అప్పీలు హక్కు ఉందనడం న్యాయవిచారణ కాదని ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం 1992లో తేల్చింది.

కారణం అడిగేవాడు లేకపోతే ఎంతదాకా పోతుందో చెప్పడానికి అమెరికా ఉదాహరణ ఒకటి ఉంది. లూసియానా రాష్ట్రంలో గ్రెట్నా పట్టణంలో ఉన్న ఒక అప్పీలు కోర్టుకు, లాయరు పెట్టుకోలేని ఖైదీలు జైల్లోంచి తామే రాసుకుని పిటిషన్లు పంపేవారు. ముగ్గురు జడ్జీలు చదివి తేల్చాలి. 1994 నుంచి 2007 దాకా ఆ జడ్జీలు వాటిని చదవనేలేదు. కోర్టు ఉద్యోగి ఒకాయన తిరస్కరణ ఉత్తర్వులు తయారుచేసేవాడు, అవే కోర్టు ఉత్తర్వులుగా జైలుకు వెళ్లేవి. 2007లో ఆ ఉద్యోగి ఆత్మహత్య చేసుకుంటూ రాసి పెట్టిన ఉత్తరాల వల్ల లోకానికి తెలిసింది. పదమూడేళ్లు ఎవరూ పట్టుకోలేకపోవడానికి కారణం ఆ ఉత్తర్వుల్లోనే ఉంది. కేసు గురించి చెప్పే మాట వాటిలో లేకపోతే, జడ్జి చదివి తోసేశాడో చదవకుండా తోసేశాడో చూసేవాడికి తెలిసే దారేది? మన కోర్టుల్లో అట్లా జరుగుతోందని నేను అనడం లేదు. జరగడం లేదని ఖైదీ నమ్మడానికి ఆధారం కారణాలే అంటున్నాను.

మన సంప్రదాయంలో ఇది పరాయి ఆలోచనేమీ కాదు. ధర్మశాస్త్రాల్లో జయపత్రం అనే పద్ధతి ఉంది. గెలిచినవాడికి రాజు ఇచ్చే ఆ పత్రంలో వాది మాట, ప్రతివాది మాట, సాక్ష్యం, నిర్ణయం అన్నీ ఎక్కాలి. వ్యవహార ధర్మాన్ని 13వ శతాబ్దంలోనే తిక్కన శిష్యుడు మూలఘటిక కేతన 'విజ్ఞానేశ్వరీయం'గా తెలుగులోకి తెచ్చాడు. ఏడు వందల ఏళ్ల కింద న్యాయశాస్త్రం తెలుగులో చెప్పుకున్నవాళ్లం మనం.

ఆ మాట అన్నాను కాబట్టి భాష సంగతి. కారణం రాసినా ఇంగ్లీషులో రాస్తే తర్లుపాడు మనిషికి అందులో ఏం దొరుకుతుంది? 348వ అధికరణ ప్రకారం హైకోర్టు భాష ఇంగ్లీషు. అయినా 2023లో తెలంగాణ హైకోర్టు ఒక ఆస్తి తగాదాలో తెలుగులో తీర్పు ఇచ్చి చూపించింది. ఆస్తి తగాదాలో అయిన పని, మనిషిని జైలుకు పంపే కేసులో ఇంకా ముందు కావాలి. అదెప్పుడో వస్తుందని ఎదురుచూడనక్కరలేదు. చట్టంలో ఇప్పుడే ఒక దారి ఉంది, మనమే వాడుకోవడం లేదు. సంహిత 404వ సెక్షన్, పాత 363. జైలు శిక్ష పడ్డ ముద్దాయికి తీర్పు కాపీ వెంటనే, ఉచితంగా ఇవ్వాలి. అతను కోరితే, వీలైనంత వరకు అతని భాషలో, లేదంటే ఆ కోర్టు భాషలో అనువాదం ఇవ్వాలి. అప్పీలు ఉన్న కేసుల్లో అదీ ఉచితమే. 1978లో హోస్కాట్ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ ఈ కాపీ హక్కును, జైలు నుంచి అప్పీలు వేసుకునేవాడికి ఉచిత న్యాయసహాయాన్ని 21వ అధికరణతో ముడివేశారు. జైల్లో కాపీ ఇచ్చినట్టు ఖైదీ సంతకం తీసుకోవాలని కూడా అన్నారు. మన దగ్గర తెలుగు అనువాదం కోసం ఎందరు దరఖాస్తు పెడుతున్నారు? నాకు కనిపించినంతలో ఆ దరఖాస్తులు దాదాపు లేవు. సెక్షన్ ఇస్తోంది, ముద్దాయికి ఆ సంగతి తెలియదు, తెలిసిన మనం అడగడం లేదు.

పని భారం మాట ఎవరో ఒకరు అంటారు, అనాలి కూడా. అప్పీళ్లు ఏళ్ల తరబడి పేరుకుంటాయన్నది నిజం. 2016లో బచ్చు రంగారావు కేసులో ఉమ్మడి హైకోర్టు డివిజన్ బెంచి, శిక్ష పడ్డాక ఐదేళ్లు జైల్లో గడిపినా అప్పీలు తేలని జీవితఖైదీలను షరతులతో బెయిలు మీద వదలవచ్చని చెప్పవలసి వచ్చింది. ఆ తీర్పుతో జైలు గేటు దాటినవాళ్లు ఎందరో ఉన్నారు. అదే హైకోర్టు నిజాయితీ. కాని కాలం లేదన్నది కారణం లేకుండా తేల్చడానికి సమర్థన కాదు. కింది తీర్పుతో ఏకీభవించే అప్పీలు కోర్టు సాక్ష్యమంతా మళ్లీ ఏకరువు పెట్టనక్కరలేదని సుప్రీంకోర్టే చాలా కాలం కిందట చెప్పింది. నేనడిగేది ముప్పై పుటలు కాదు. అప్పీలుదారు ఎత్తిన ముఖ్యమైన అభ్యంతరాలేమిటి, అవి ఎందుకు నిలబడవు, అంతే. అరపుటలో రాయవచ్చు. అరపుట రాయడానికి కూడా ఫైలు చదవాలి. అప్పీలుదారు కోరేదల్లా ఆ చదవడమే.

అరపుట కారణం రావాలంటే అప్పీలు కూడా దానికి తగ్గట్టు ఉండాలి. మన అప్పీళ్లలో పాతిక గ్రౌండ్లు ఉంటాయి. తీర్పు చట్టవిరుద్ధం, సాక్ష్య బరువుకు విరుద్ధం, ఇట్లా ఏ కేసుకైనా అతికే మాటలే. జవాబు చెప్పవలసిన ప్రశ్న మనం అడగకపోతే కోర్టు జవాబు ఎందుకు రాస్తుంది? మూడో సాక్షి చీకట్లో ముఖం ఎట్లా చూశాడు, ఎఫ్.ఐ.ఆర్. ఆలస్యం ఎందుకైంది, పంచనామా సాక్షి ఆ ఊరివాడేనా అని నాలుగైదు గట్టి ప్రశ్నలు రాస్తే, వాటిని తాకకుండా అప్పీలు కొట్టేయడం కష్టం. తాకకుండా కొట్టేస్తే పై కోర్టులో పదంసింగ్ తీర్పు మన చేతిలో ఉంటుంది.

చట్టం మారాలనీ కోరుతున్నాను. 425వ సెక్షన్ మూడో ఉపసెక్షన్లో, 428లో హైకోర్టును చేర్చాలి. 2023లో కొత్త సంహిత రాసినప్పుడు ఆ అవకాశం వచ్చింది, పాత మాటలే నెంబర్లు మార్చి ఉంచేశారు. మన బార్ అసోసియేషన్లు ఈ ఒక్క సవరణ కోసం తీర్మానం చేసి న్యాయశాఖకు పంపాలని ఈ సభ నుంచి విన్నవిస్తున్నాను.

అది వచ్చేదాకా మార్కాపురం, గిద్దలూరు న్యాయవాదులు చేయగలిగింది మన చేతుల్లోనే ఉంది. ఇకపై మన క్లయింటుకు జైలు శిక్ష పడ్డ ప్రతి తీర్పులోనూ 404 కింద తెలుగు కాపీకి దరఖాస్తు పెట్టండి. జైల్లో ఉన్నవాడి తరఫున మండల న్యాయసేవల కమిటీ ద్వారా పెట్టండి, కస్టడీలో ఉన్నవాడికి ఉచిత న్యాయసహాయం 1987 చట్టమే ఇచ్చింది. ఇవ్వలేమని కోర్టు అంటే, ఎందుకు ఇవ్వలేదో రాసివ్వమని అడగండి. విద్యార్థులు సెలవుల్లో ఊళ్లకు వెళ్లినప్పుడు శిక్ష పడ్డ కుటుంబాలు ఎక్కడున్నాయో కనుక్కుని, వాళ్ల దగ్గర తీర్పు కాపీ ఉందో లేదో చూడండి. లేకపోతే నా దగ్గరికి తీసుకురండి. మొదటి దరఖాస్తు నేనే రాసిస్తాను.